మా తర్వాత వీళ్ళకు ఎవరు?
బుద్ధి ఎదుగుదల తక్కువైన బిడ్డల సంరక్షణ: కొంత చరిత్ర, కొంత వివరం

ప్రతి ఏటా మన సంఘ సంచికలో స్కాలర్‌షిప్పుల గురించి, నిరుపేద ఆడపిల్లల పెళ్ళిళ్ళకు చేసిన సాయం గురించి, వితంతువుల గురించి వివరాలు ప్రచురించడం ఆనవాయితీ. ఈ పర్యాయం మేము మరొక సంగతి ఎత్తుకున్నాము. మన బస్తీల్లో, మన బంధువర్గంలో బుద్ధి ఎదుగుదల తక్కువైన బిడ్డలున్న ఇళ్ళు తక్కువేమీ కావు. 2011 జనాభా లెక్కలలో దేశం మొత్తం మీద బుద్ధిమాంద్యం గలవారిగా నమోదైనవారు సుమారు 15 లక్షలు. లెక్కల మనిషి గుమ్మంలో నిలబడి అడిగినప్పుడు ఇలాంటి బిడ్డ ఊసెత్తని ఇళ్ళు ఎన్నో ఉంటాయి కాబట్టి, అసలు సంఖ్య అంతకంటె ఎక్కువే అనుకోవాలి. ఈ బిడ్డల తల్లిదండ్రులు ఎవరిని కదిలించినా మొదట వైద్యం గురించి, తర్వాత బడి గురించి అడుగుతారు, కాస్త చనువైన తర్వాత గొంతు తగ్గించి, "మేము పోయాక వీడికి ఎవరు?" అని అడుగుతారు. ఆ ప్రశ్నకు ఈ దేశంలో జవాబు ఏ విధంగా తయారవుతూ వచ్చిందో సోదర సోదరీమణులకు తెలియజేయడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ముందుగా ఒక తేడా గ్రహించాలి. పిచ్చి వేరు, బుద్ధిమాంద్యం వేరు. మొదటిది జబ్బు, ఏ వయసులోనైనా రావచ్చు, మందులతో చాలామందికి నయమవుతుంది. రెండవది జబ్బు కాదు. పుట్టుకతోనో, కాన్పు సమయంలోనో, పసితనంలోనో మెదడు ఎదుగుదలకు ఆటంకం కలిగి, బిడ్డ నేర్చుకోవడం నెమ్మదిస్తుంది. దానికి మాత్ర లేదు, ఇంజెక్షన్ లేదు. ఉన్నది శిక్షణ, ఓపిక. ఈ తేడా తెలియక మనవాళ్ళు ఎంతమంది బిడ్డలను ఎర్రగడ్డ చుట్టూ తిప్పారో, తావీజులకూ దమ్ము చేయించడానికీ ఎన్ని ఊళ్ళు మోసుకుపోయారో లెక్కలేదు. దువా చేయించడాన్ని మేము తప్పుపట్టడం లేదు. దువాతో పాటు శిక్షణ కూడా ఉండాలంటున్నాము. నడక, మాట నేర్పవలసిన మొదటి అయిదారేళ్ళు తిరుగుడుకే ఖర్చయిపోతే ఆ కాలం మళ్ళీ రాదు.

మన సంగతి అలా ఉంచితే, చట్టానికి కూడా ఈ తేడా చాలా కాలం తెలియదు. ఇంగ్లీషువారు చేసిన 1912 నాటి లూనసీ యాక్టులో పిచ్చివాడన్నా, పుట్టుకతో బుద్ధి ఎదగనివాడన్నా ఒకటే నిర్వచనం. ఇద్దరికీ పిచ్చాసుపత్రే గతి. ఆ చట్టం స్వాతంత్ర్యం వచ్చిన తర్వాత కూడా నలభై ఏళ్ళు నడిచింది. 1987లో వచ్చిన మానసిక ఆరోగ్య చట్టం బుద్ధిమాంద్యాన్ని మానసిక రోగం నిర్వచనం నుంచి తీసివేసింది. అది మంచిదే గాని, తీసివేసి ఎక్కడ పెట్టారు అంటే, ఎక్కడా పెట్టలేదు. దాని పర్యవసానం ముందు చెబుతాము.

ఎర్వాడి పేరు చాలామంది వినే ఉంటారు. తమిళనాడు రామనాథపురం జిల్లాలో దర్గా ఉన్న ఊరు. బాగవుతారన్న ఆశతో కుటుంబాలు తమవారిని తెచ్చి అక్కడి ప్రైవేటు ఆశ్రమాలలో వదిలేవి. 2001 ఆగస్టు 6 తెల్లవారుజామున అటువంటి ఒక తాటాకుల షెడ్డుకు నిప్పంటుకుంది. గొలుసులతో కట్టివేసి ఉన్నవారు పారిపోలేక 28 మంది చనిపోయారు. వారు మానసిక రోగులు. మన విషయం వేరు. కాని ఇంట్లో చూసుకునే దారి తెలియక, బయట పెట్టుకునే చోటు లేక, ఎవరి చేతికో అప్పగించి వచ్చే పరిస్థితి రెండు రకాల కుటుంబాలకూ ఒకటే. అందుకే ఇక్కడ చెప్పవలసి వచ్చింది.

ఇటువంటి బిడ్డలకు కూడా చదువు చెప్పవచ్చునన్న ఆలోచన మరీ పాతది కాదు. 1800 ప్రాంతంలో ఫ్రాన్సులో అడవిలో దొరికిన ఒక మూగ బాలుడికి ఇటార్ అనే డాక్టరు ఏళ్ళ తరబడి మాట, మన్నన నేర్పడానికి ప్రయత్నించాడు. మాట పెద్దగా రాలేదు గాని, నేర్పితే ఎంతో కొంత వస్తుందన్నది రుజువైంది. ఆయన శిష్యుడు సెగాఁ ఆ పద్ధతినే పెంచి పాఠశాల నడిపాడు. 1866లో ఇంగ్లండులో లాంగ్డన్ డౌన్ ఒక తరహా పిల్లల ముఖలక్షణాలు వర్ణించి వ్రాశాడు. డౌన్ సిండ్రోమ్ అన్న పేరు ఆయనదే. దానికి కారణం మాత్రం 1959 దాకా తెలియలేదు. ఆ ఏడు పారిస్‌లో లెజూన్, మార్త్ గోటియే మొదలైనవారు ఈ పిల్లల కణాలలో 21వ క్రోమోజోము రెండుకు బదులు మూడు ఉంటుందని తేల్చారు. అంటే గ్రహణం నాడు గర్భిణి ఏదో చేసిందనీ, ఎవరి నజరో తగిలిందనీ కోడలిని ఆడిపోసుకునే అత్తగార్లకు 1959లోనే జవాబు వచ్చేసిందన్నమాట. ఆ సంగతి ఇంకా కొన్ని ఇళ్ళకు చేరలేదు.

మన దేశంలో 1918లో బెంగాలులోని కర్సియాంగ్‌లో ఒక పాఠశాల, 1941లో బొంబాయి మాన్‌ఖుర్ద్‌లో ఒక ఆశ్రమం మొదలైనాయి. కాని మాకు మనసుకు హత్తుకునేది 1944 నాటి బొంబాయి ముచ్చట. వకీల్ అనే పార్సీ దంపతులకు డౌన్ సిండ్రోమ్ గల కూతురు దీనా. ఆ అమ్మాయిని ఏ బడీ చేర్చుకోకపోతే తల్లిదండ్రులే బడి పెట్టారు. ఆ జై వకీల్ సంస్థ నేటికీ నడుస్తున్నది. 1972లో బొంబాయిలోనే మితూ అలూర్ సెరిబ్రల్ పాల్సీ గల తన కూతురు మాలినీ కోసం స్పాస్టిక్స్ సొసైటీ స్థాపించారు. 1991లో ఢిల్లీలో మెర్రీ బరువా ఆటిజం గల కుమారుని తల్లిగా యాక్షన్ ఫర్ ఆటిజం ప్రారంభించారు. చూడండి, ఈ మూడూ గవర్నమెంటు కట్టినవి కావు, ధనవంతులు దానం చేసినవి కావు. బిడ్డ చేయి పట్టుకుని బడి బడి తిరిగి, ఇక తిరగలేక, తామే తలుపు తెరిచినవారు కట్టినవి. పది ఇళ్ళవారు కూడితే ఏమి చేయగలరో మన సంఘంవారు ఆలోచించాలని మా మనవి.

మన హైద్రాబాదు విషయానికి వస్తే, 1968లో డాక్టర్ ఠాకూర్ హరిప్రసాద్ గారు స్థాపించిన సంస్థ ఈ రంగంలో తెలుగువారికి మొదటి పెద్ద ఆసరాలలో ఒకటి. ఆ తర్వాత 1984లో కేంద్ర ప్రభుత్వం సికింద్రాబాదులో, బోయినపల్లి దగ్గర మనోవికాస్ నగర్‌లో, జాతీయ మానసిక వికలాంగుల సంస్థను నెలకొల్పింది. యావద్భారతానికీ కేంద్రమైన సంస్థ మన గడప ముందుకు వచ్చింది. ఢిల్లీ, బొంబాయి, కలకత్తాలలో దీనికి శాఖలు ఏర్పడ్డాయి. బిడ్డ తెలివితేటలు, ప్రవర్తన పరీక్షించడం, మాట నేర్పించే శిక్షణ, ఫిజియోథెరపీ, ప్రత్యేక విద్య, తల్లిదండ్రులకు శిక్షణ, ప్రత్యేక టీచర్లకు కోర్సులు అన్నీ అక్కడ ఉన్నాయి. పేరు మారి ఇప్పుడు జాతీయ మేధో దివ్యాంగుల సాధికారత సంస్థ అంటున్నారు. ఆటోవాడికి మాత్రం ఇప్పటికీ పాత పేరు చెబితేనే తెలుస్తుంది.

ఈ సంస్థ చేసిన పనిలో పైకి కనబడనిది ఒకటుంది. బిడ్డకు నేర్పే మొదటి గురువు తల్లే అన్న సూత్రంతో, పళ్ళు తోముకోవడం, గుండీలు పెట్టుకోవడం, నీళ్ళు పోసుకోవడం వంటి పనులను చిన్న చిన్న మెట్లుగా విడగొట్టి, ఒక్కొక్క మెట్టే ఎట్లా నేర్పాలో మామూలు మాటలలో చెప్పే పుస్తకాలు, పటాలు తయారు చేయించింది. చొక్కా తొడుక్కోవడం అంటే మనకు ఒక పని. ఆ బిడ్డకు అది పది పనులు. ముందు తల దూర్చడం వరకే నేర్పి, మిగతాది తల్లే చేయాలి. అది వచ్చాక కుడి చేయి. తర్వాత ఎడమ చేయి. మూడు నెలలు పట్టినా పట్టవచ్చు. ఆ పిల్లవాడు తన చొక్కా తానే తొడుక్కున్న రోజున ఆ తల్లికి రోజుకు పావుగంట తీరిక దొరికినట్టు. ఆమె పోయాక చూసుకోబోయే వదినకు పావుగంట విసుగు తగ్గినట్టు. సంరక్షణ అంటే మా దృష్టిలో మొదట ఇదే. ఆస్తి కాగితాలు తర్వాత.

రాకుండా ఆపగలిగినవి కూడా కొన్ని ఉన్నాయి. అందులో మన తెలుగువాడి పాత్ర ఒకటి ఉందని చాలామందికి తెలియదు. శ్రీకాకుళంలో 1921లో పుట్టి, విశాఖపట్నంలో వైద్యం చదివిన డాక్టర్ వులిమిరి రామలింగస్వామి 1956లో హిమాలయ ప్రాంతంలోని కాంగ్రా లోయలో ఒక పరిశీలన మొదలుపెట్టారు. అక్కడి మట్టిలో, నీళ్ళలో అయోడిన్ లేక ఇంటింటా గొంతువాపు. తల్లికి అయోడిన్ చాలకపోతే కడుపులో బిడ్డ మెదడు కూడా దెబ్బతింటుంది. ఆయన బృందం కొన్ని ప్రాంతాలకు అయోడిన్ కలిపిన ఉప్పు, మరికొన్నింటికి మామూలు ఉప్పు ఇప్పించి కొన్నేళ్ళు గమనించింది. అయోడిన్ ఉప్పు తిన్న చోట జబ్బు తగ్గుముఖం పట్టింది. దాని ఆధారంగా 1962లో జాతీయ పథకం వచ్చింది. కిరాణా కొట్టులో అయోడిన్ ఉప్పు పొట్లం తీసుకుంటున్నామంటే దాని వెనుక ఇంత కథ ఉంది.

రెండవది మేనరికాలు. ఇది చెబితే కొందరికి కోపం వస్తుంది, అయినా చెప్పాలి. మనలో పినతండ్రి, పెదతండ్రి, మేనమామ, మేనత్త బిడ్డల మధ్య నిఖాలు మామూలు. హిందూ సోదరులలో మేనమామే మేనకోడలిని చేసుకోవడం కూడా ఉంది. దగ్గరి రక్తసంబంధంలో ఒకే లోపపు జన్యువు ఇద్దరిలోనూ దాగి ఉండే అవకాశం ఎక్కువ; అది రెండు వైపుల నుంచీ బిడ్డకు వస్తే వ్యాధి బయటపడుతుంది. అటువంటి పెళ్ళిళ్ళలో అత్యధిక భాగం బిడ్డలు ఆరోగ్యంగానే పుడతారు, అందులో సందేహం లేదు. కాని ఇంట్లో ఇప్పటికే ఒక బిడ్డ ఇలా ఉంటే, అదే వంశంలో మళ్ళీ సంబంధం కలుపుకునే ముందు జన్యుశాస్త్రం తెలిసిన డాక్టరును అడగాలి. ఖాళా కూతురని మాట ఇచ్చాము, వెనక్కి పోలేము అనేవారికి మా సమాధానం ఒకటే. మాట ఇచ్చినవారు పెంచరు. పెంచేది ఆ అమ్మాయి.

ఇక అసలు ప్రశ్నకు వద్దాము. బిడ్డ మైనరుగా ఉన్నంతకాలం చిక్కు లేదు. తండ్రి సంరక్షకుడు, ఆయన లేకపోతే 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ యాక్టు కింద కోర్టు నియమిస్తుంది. పద్దెనిమిది నిండగానే ఆ చట్టం చేతులు దులుపుకుంటుంది. అంటే ముప్పై ఏళ్ళ మనిషికి మూడేళ్ళ బిడ్డ బుద్ధి ఉన్నా, కాగితం మీద అతడు సంపూర్ణ పౌరుడు. అతని తరపున తండ్రి సంతకం చెల్లదు. బ్యాంకువాడు ఖాతా తెరవడు, రిజిస్ట్రారు దస్తావేజు తీసుకోడు. 1912 చట్టం ఉన్నంతకాలం కనీసం పిచ్చివాడి పద్దులోనైనా జిల్లా కోర్టు ద్వారా సంరక్షకుణ్ణి తెచ్చుకోవడానికి సందు ఉండేది. 1987 చట్టం ఆ సందు కూడా మూసింది. ఇదే పైన ముందు చెబుతామన్న పర్యవసానం.

మన షరియత్‌లో వారసత్వపు వాటాకు బుద్ధి కొలత లేదు. తెలివిగల అన్నకు ఎంతో, అమాయకుడైన తమ్ముడికీ అంతే. హిందూ ధర్మశాస్త్రంలో పుట్టుకతో బుద్ధిహీనుడైనవానికి 1956 వరకు వాటా దక్కేది కాదు. ఆ ఏటి వారసత్వ చట్టం ఆ నిషేధం ఎత్తివేసింది. కాబట్టి నేడు ఎవరికైనా హక్కు ఉంది. హక్కు ఉన్నంత మాత్రాన అనుభవం ఉందా? మా ఎరుకలో ఒక కుటుంబంలో తండ్రి పోయిన ఆరు నెలలకే ముగ్గురు అన్నదమ్ములు ఇల్లు పంచుకుని, నాలుగవవాడి వాటా "మేము చూసుకుంటాంలే" అని కలిపేసుకున్నారు. చూసుకున్నది పెళ్ళికాని అక్క, కుట్టుమిషన్ మీద. వాటా కాగితాలలో ఆమె పేరు లేదు, అతని వేలిముద్ర మాత్రం ఉంది.

ఇక్కడ పెద్దలు గమనించవలసిన మెలిక ఉంది. ఆ బిడ్డకు ఎక్కువ ఇవ్వాలనుకునే తండ్రి వసియత్ వ్రాస్తే సరిపోతుందనుకుంటాడు. హనఫీ న్యాయం ప్రకారం వారసునికి వసియత్ చేస్తే, తండ్రి మరణానంతరం మిగతా వారసులు ఒప్పుకుంటేనే చెల్లుతుంది. బతికుండగానే హిబా చేయవచ్చు. కాని సొత్తు స్వాధీనం కూడా అప్పగించాలి, ఉత్త కాగితం చాలదు. మూడవది సంతానం కోసం చేసే వక్ఫు. 1894లో ప్రివీ కౌన్సిలు అటువంటి వక్ఫును చెల్లదని కొట్టివేస్తే, ముస్లిముల ఆందోళన మీద 1913లో చట్టం చేసి దాన్ని నిలబెట్టారు. వక్ఫు చట్టానికి 2025లో సవరణలు వచ్చాయి కాబట్టి ఈ దారి పట్టేవారు వకీలును అడగకుండా అడుగు వేయవద్దు.

కాని ఈ మూడింటిలో ఏది చేసినా, ఆ ఆస్తిని ఆ బిడ్డ పేరున నడిపే మనిషి ఎవరు అన్నది మిగిలే ఉంటుంది. ఆ ఖాళీ పూరించమని తల్లిదండ్రుల సంఘాలు ఏళ్ళ తరబడి ఢిల్లీ చుట్టూ తిరిగాయి. 1995లో దేశంలోని ఇటువంటి సంఘాలన్నీ కలిసి పరివార్ అనే సమాఖ్యగా ఏర్పడ్డాయి. అదే ఏడు వచ్చిన వికలాంగుల చట్టం బుద్ధిమాంద్యాన్ని వైకల్యంగా గుర్తించింది గాని, ఉద్యోగాల రిజర్వేషనులో చూపు, వినికిడి, కాళ్ళు చేతుల లోపాలకే చోటు ఇచ్చింది. మన పిల్లలను వరుసలో నిలబెట్టి విస్తరి వేయనట్టే అయింది. చివరకు 1999 డిసెంబరులో నేషనల్ ట్రస్ట్ చట్టం వచ్చింది. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, బహుళ వైకల్యం, ఈ నాలుగింటికీ అది వర్తిస్తుంది. ఆటిజం పేరు మన దేశపు వికలాంగుల చట్టాలలోకి ఎక్కింది అప్పుడే. కేంద్రం దీనికి వంద కోట్ల మూలనిధి ఇచ్చింది.

ఈ చట్టంలో మనకు ముఖ్యమైనది జిల్లా స్థాయి కమిటీ. కలెక్టరు, ట్రస్టులో రిజిస్టరైన సంస్థ ప్రతినిధి ఒకరు, వైకల్యం గల వ్యక్తి ఒకరు, మొత్తం ముగ్గురు. పద్దెనిమిది దాటినవారికి సంరక్షకుణ్ణి ఈ కమిటీ నియమిస్తుంది. తల్లిదండ్రులు గాని, బంధువు గాని, రిజిస్టరైన సంస్థ గాని దరఖాస్తు పెట్టుకోవచ్చు. కోర్టు మెట్లు ఎక్కనక్కరలేదు. సంరక్షకుడు ఆరు నెలలలోగా ఆ వ్యక్తి ఆస్తి, అప్పుల జాబితా దాఖలు చేయాలి. ఏటేటా ఆర్థిక సంవత్సరం ముగిసిన మూడు నెలల్లో లెక్క చూపాలి. నిర్లక్ష్యం చేసినా, సొమ్ము కాజేసినా తొలగించమని ఫిర్యాదు చేయవచ్చు. పైన చెప్పిన అన్నదమ్ములకు ఇటువంటి లెక్క అడిగేవారుంటే కథ మరో రకంగా ఉండేది. తల్లిదండ్రులలో నూటికి ఎందరు ఈ కమిటీ గడప తొక్కారని అడిగితే మా సంఘంలో వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. "మేమున్నాం కదా, ఇప్పుడే ఎందుకు" అంటారు. ఉన్నప్పుడే చేయవలసిన పని అది.

సంరక్షకుడంటే సర్వాధికారి అని కూడా అనుకోరాదు. 2009లో చండీగఢ్‌లోని ఒక ప్రభుత్వ ఆశ్రమంలో అత్యాచారానికి గురై గర్భవతి అయిన బుద్ధిమాంద్యం గల యువతి విషయంలో, ఆమె బిడ్డను కంటానన్నప్పుడు ఆమె ఇష్టం లేకుండా గర్భం తీసివేయడానికి వీలులేదని సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. స్వల్పంగా బుద్ధిమాంద్యం ఉన్నంత మాత్రాన ఆమె మాటకు విలువ లేకుండా పోదని తేల్చింది. 2016 నాటి కొత్త వికలాంగుల హక్కుల చట్టం ఇదే దారిలో, వ్యక్తితో కలిసి సంప్రదించి నిర్ణయం తీసుకునే పరిమిత సంరక్షణ గురించి చెప్పింది. వినడానికి బాగానే ఉంది. మాట రాని, తిండి తానే తినలేని బిడ్డ తల్లికి ఈ సూక్ష్మం ఎంతవరకు పనికివస్తుందో మాకు అనుమానమే. రెండు రకాల బిడ్డలకూ ఒకే కొలత పనికిరాదు.

ఆ 2016 చట్టం వల్ల లాభించినవి మాత్రం ఉన్నాయి. గుర్తించిన వైకల్యాలు ఏడు నుంచి 21 అయ్యాయి. ఉద్యోగాల రిజర్వేషను 4 శాతమై, అందులో ఒక శాతంలో ఆటిజం, బుద్ధిమాంద్యం గలవారికి మొదటిసారి చోటు దొరికింది. ఆరు నుంచి పద్దెనిమిదేళ్ళ దాకా ఉచిత విద్య హక్కు. మన రెండు రాష్ట్రాలలోనూ మండలాలలో భవిత కేంద్రాలున్నాయి. అక్కడి ప్రత్యేక టీచర్లు మంచం దిగలేని పిల్లలకు ఇంటికి వచ్చి కూడా నేర్పుతారు. మీ మండలంలో ఎక్కడుందో ఎం.ఇ.ఓ. ఆఫీసులో అడగండి.

అన్నింటికీ తాళం చెవి వైకల్య సర్టిఫికేటు. 40 శాతం ఉండాలంటే మావాడికి రాదేమో అని కొందరు అసలు పోరు. స్వల్ప బుద్ధిమాంద్యానికే 50 శాతం వేస్తారు; మధ్యస్థానికి 75, తీవ్రానికి 90, అతి తీవ్రానికి 100. అది చేతికొస్తే పింఛను వస్తుంది. తెలంగాణలో 2023లో నెలకు 4,016 రూపాయలకు, ఆంధ్రప్రదేశ్‌లో 2024లో 6,000కు పెంచారు. తోడు లేనిదే ప్రయాణం చేయలేని వ్యక్తికీ, తోడు వెళ్ళేవారికీ రైలు స్లీపరు టిక్కెట్టులో 75 శాతం తగ్గింపు ఉంది. నేషనల్ ట్రస్టువారి నిరామయ పథకంలో సంవత్సరానికి లక్ష రూపాయల దాకా ఆరోగ్య బీమా, చేరడానికి ముందస్తు వైద్య పరీక్ష లేదు, థెరపీ ఖర్చులు కూడా కొంతవరకు వస్తాయి.

ఈ సర్టిఫికేటు దరఖాస్తులు, నిరామయ ఫారాలు, జిల్లా కమిటీకి పెట్టుకునే సంరక్షక దరఖాస్తులు మన సంఘం ఆఫీసులో శుక్రవారం నమాజు తర్వాత నింపిపెడతాము. వచ్చేటప్పుడు బిడ్డ ఆధార్, రెండు ఫోటోలు, ఉన్నంతవరకు ఆసుపత్రి కాగితాలు తెచ్చుకోవాలి. బిడ్డను కూడా వెంట తీసుకురండి, ఇంట్లో తాళం వేసి రావద్దు. పిల్లలు కూర్చోవడానికి లోపలి గదిలో చాపలు వేయించాము.